ఏ పిల్లలమర్రి?

ఒకే పేరుతో ఊరు, చెట్టు, కవి. నాలుగు పేర్లతో ఒకే జాతర. మనుషులకు చెప్పకుండానే తెలిసే ఈ తేడాలు సెర్చ్ ఇంజిన్లకు ఎలా తెలియాలి? వెబ్‌లో తెలుగు రాసేవాళ్లకు థీమ్‌లు, ప్లగిన్లు ఎంతవరకు సాయపడతాయి? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఉదాహరణలతో ముఖచిత్ర కథనం.

పిల్లలమర్రి అంటే పాలమూరు వాళ్లకు చెట్టు. సూర్యాపేట వాళ్లకు గుళ్లున్న ఊరు. తెలుగు ఎమ్మే చదివినవాళ్లకు కవి ఇంటిపేరు. ముగ్గురూ ఒకచోట కూర్చుంటే ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో అరనిమిషంలో తేలిపోతుంది. ‘సెలైన్ ఎక్కించారట’ అంటే చెట్టు. 2018లో చెదలు పట్టిన ఆ మహావృక్షానికి సీసాలు వేలాడదీసి మందు ఎక్కించిన సంగతి దేశమంతా వార్త అయింది. ‘1208లో కట్టింది’ అంటే ఎరకేశ్వరాలయం. ‘శృంగార శాకుంతలం’ అంటే పినవీరభద్రుడు. మనిషికి సందర్భం చాలు.

యంత్రానికి చాలదు. దానికి కనిపించేవి అక్షరాలు. వాటి వెనక ఉన్నది ఊడలు దిగిన చెట్టా, రేచర్ల రెడ్ల కాలంనాటి కట్టడమా, పదిహేనో శతాబ్దపు మనిషా అన్నది పక్కనున్న మాటలను బట్టి ఊహించుకోవాలి. ఈ మధ్య ఊహించడంలో యంత్రాలు బాగానే ఆరితేరాయి, నిజమే. కానీ ఆ ఊహకు పెట్టుబడి అవి ఇదివరకు చదివిన రాత. ఇంగ్లిష్‌లో ఒక్కో విషయం మీద వేల పేజీలుంటాయి గనక గురి కుదురుతుంది. తెలుగులో ఒక పల్లె మీదో గుడి మీదో ఉన్నవి పదో పాతికో పేజీలైనప్పుడు అదే గురి తప్పుతుంది. సూర్యాపేట గుడి కథకు పాలమూరు చెట్టు బొమ్మ అతుక్కునే ప్రమాదం అక్కడే ఉంది.

యంత్రాన్ని ఊహకు వదిలేయకుండా, రాసినవాళ్లే విషయం సూటిగా చెప్పేసే ఏర్పాటు ఒకటుంది. సాంకేతికుల భాషలో స్ట్రక్చర్డ్ డేటా. వాడుకలో ‘స్కీమా’ అంటే సరిపోతుంది.

మిర్యాలగూడ మిల్లులో బియ్యం సంచి బయటికొచ్చేటప్పుడు దాని మీద రకం, బరువు, మిల్లు పేరు ముద్ర పడతాయి. గోదాములో మనిషి సంచి విప్పి గింజ కొరికి చూడనక్కర్లేదు. వెబ్ పేజీకి అలాంటి ముద్రే స్కీమా. పాఠకుడు చదివే వ్యాసం లోపలి బియ్యం. అతని కంటపడకుండా పేజీ కోడ్‌లో ఉండే కొన్ని వరుసలు పైనున్న ముద్ర. ఎరకేశ్వరాలయం మీద రాసిన పేజీలో ఆ వరుసలు చెప్పేది ఇంతే: ఇది హిందూ దేవాలయం, పేరు ఎరకేశ్వరాలయం, ఉన్నది పిల్లలమర్రి గ్రామంలో, ఆ గ్రామం సూర్యాపేట జిల్లాలో, జిల్లా తెలంగాణలో, ఈ గుడికి వికీడేటా అనే ఉమ్మడి సమాచార కోశంలో ఉన్న పేజీ ఫలానా. ఆ చివరి లంకెతో చెట్టు, కవి పక్కకు తప్పుకుంటారు.

ఒక పదకోశం పుట్టుక

ఈ ముద్రలన్నీ ఒకే తీరుగా ఉండాలంటే అందరికీ ఒకే పదకోశం కావాలి. 2011 జూన్ 2న గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ కలిసి అలాంటి పదకోశం ఒకటి ప్రకటించాయి. పేరు స్కీమా డాట్ ఆర్గ్. కొన్ని నెలలకు రష్యా సెర్చ్ ఇంజిన్ యాండెక్స్ కూడా చేరింది. మార్కెట్‌లో ఒకరి పొడ ఒకరికి గిట్టని కంపెనీలు పదాల దగ్గర మాత్రం రాజీకి వచ్చాయి.

ఈ ప్రయత్నాన్ని ముందుండి నడిపినవాడు రామనాథన్ వి. గుహ. ఐఐటీ మద్రాస్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి అమెరికా వెళ్లిన మనిషి. ప్రపంచ జ్ఞానాన్నంతా వాక్యాలుగా కంప్యూటర్‌కు నూరిపోయాలని డగ్లస్ లెనాట్ తలపెట్టిన ‘సైక్’ ప్రాజెక్టులో పనిచేశాడు. ఆ తర్వాత నెట్‌స్కేప్‌లో ఉన్నప్పుడు, 1999లో, వెబ్ ఫీడుల పద్ధతి అయిన ఆర్‌ఎస్‌ఎస్ పుట్టుకలో చెయ్యి వేశాడు. తెలుగు బ్లాగుల తొలినాళ్లు చూసినవాళ్లకు ఆ మూడక్షరాలు పరిచయమే. వీవెన్ నడిపిన బ్లాగుల సంకలిని కూడలిలో, తర్వాత జల్లెడ, హారం, మాలికల్లో ఎవరి కొత్త టపా అయినా వచ్చి పడేది ఆర్‌ఎస్‌ఎస్ ఫీడుల పుణ్యమే. టపా పేరు, లంకె, తేదీ, రాసినవారు – ఇవి విడివిడిగా గుర్తుపట్టేలా ఫీడులో ఉండబట్టి కదా కూడలి వాటిని వరుసగా పేర్చగలిగింది! స్కీమా అన్న మాట వినకముందే తెలుగు బ్లాగర్లు దాని చుట్టం మీద ఆధారపడి బతికారు.

మొదటి విడతలో స్కీమా పదకోశంలో 297 రకాలు, 187 సంబంధాలు ఉండేవి. నాలుగేళ్లలో 638 రకాలు, 965 సంబంధాలు అయ్యాయని గుహ, డాన్ బ్రిక్‌లీ, స్టీవ్ మాక్‌బెత్ 2015లో రాశారు. వెయ్యి కోట్ల పేజీలు తీసి చూస్తే 31.3 శాతం పేజీల మీద ఈ ముద్ర కనిపించిందనీ చెప్పారు. ఇదంతా కోడ్ వచ్చినవాళ్ల చేతి రాత అనుకుంటే పొరపాటు. అత్యధిక భాగం థీమ్‌లు, ప్లగిన్లు, సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్లు తమంతట తాము అచ్చేసినవే.

అసలు కథ అక్కడుంది.

థీమ్ చేసేది, చేయనిది

ప్రపంచంలో నూటికి నలభైకి పైగా సైట్లు వర్డ్‌ప్రెస్ మీద నడుస్తున్నాయి. 2003 మేలో అది బయటికొచ్చింది. అదే ఏడాది డిసెంబరుకల్లా దాని సహ నిర్మాత మాట్ ములెన్‌వెగ్ మరో ఇద్దరితో కలిసి, ఒక లంకె పెట్టినప్పుడు అవతలివాడు స్నేహితుడా, సహోద్యోగా, చుట్టమా అని కోడ్‌లో చెప్పే చిన్న పద్ధతి తయారుచేశాడు. 2005లో మైక్రోఫార్మాట్ల ఉద్యమం మొదలయ్యాక వ్యాసం శీర్షిక, తేదీ, రచయిత చుట్టూ ప్రత్యేకమైన పేర్లు పెట్టడం అలవాటైంది. ఆ అలవాటు వర్డ్‌ప్రెస్ థీమ్‌ల ఒంట్లో ఇప్పటికీ ఉంది. ప్రతి టపాకూ వర్డ్‌ప్రెస్ ‘హెచ్ఎంట్రీ’ అనే ముద్ర తనంతట తానే వేస్తుంది.

చిక్కేమిటంటే థీమ్ ఆ ముద్ర వేసి, లోపల రచయిత పేరునో మార్చిన తేదీనో సరైన చోట పెట్టకపోవడం. ‘హెచ్ఎంట్రీలో రచయిత లేడు, అప్‌డేటెడ్ లేదు’ అని గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో వందల తప్పులు చూసి బెంబేలెత్తిన బ్లాగర్లు ఒకప్పుడు కొల్లలు. అందులో రాసినవాళ్ల తప్పు ఏమీ లేదు. థీమ్ సగం ముద్ర వేసి ఊరుకుంది.

మంచి థీమ్ నుంచి ఆశించాల్సింది వేరే. పేజీలో ప్రధాన శీర్షిక ఒక్కటే ఉండాలి, దానికి శీర్షిక ట్యాగే ఉండాలి. లావు అక్షరాలు పెట్టినంత మాత్రాన శీర్షిక అయిపోదు. వ్యాసం వ్యాసపు ట్యాగులో, మెనూ మెనూ ట్యాగులో, తేదీ తేదీ ట్యాగులో ఉండాలి. చూపులేని పాఠకుడు స్క్రీన్ రీడర్‌తో వింటున్నప్పుడు మెనూ దాటి నేరుగా వ్యాసంలోకి దూకగలిగేది ఈ ట్యాగుల వల్లే. గూగుల్ సంగతి పక్కనపెట్టినా ఈ ఒక్క కారణం చాలు.

థీమ్ చేతిలో పెట్టకూడనిది స్కీమా. దసరాకు ఒక థీమ్, సంక్రాంతికి ఇంకో థీమ్ మార్చేవాళ్లకు ఈ మాట ముఖ్యం. ముద్రంతా థీమ్‌లో ఉంటే థీమ్ మారిన రోజే అంతా పోతుంది. రూపం థీమ్‌ది, సమాచారం ప్లగిన్‌ది అన్న విభజన వర్డ్‌ప్రెస్ లోకంలో పాత నియమమే. ఇక ఉచితంగా దొరికిందని దొంగ కాపీ థీమ్ తెచ్చి పెట్టుకుంటే, స్కీమా మాట అటుంచి, లోపల ఏ పాము ఉందో ఎవరికీ తెలియదు.

గూగుల్ చేతిలోని బ్లాగర్ వాడేవాళ్లకు ప్లగిన్ల సౌకర్యమే లేదు. అక్కడ అన్నీ థీమ్ కోడే. కొత్త థీమ్‌లు వ్యాసానికి కావలసిన ముద్ర తామే వేస్తాయి. అంతకు మించి కావాలంటే థీమ్ కోడ్ తెరిచి చెయ్యి పెట్టాలి. తెరిచే ముందు ఒక కాపీ దాచుకోవడం క్షేమం.

‘రచయిత: అడ్మిన్’

ప్లగిన్లలో యోస్ట్ పేరు ఎక్కువమంది విని ఉంటారు. నెదర్లాండ్స్‌కు చెందిన యూస్ట్ డి వాల్క్ తయారుచేసింది. 2019 నుంచి అది ప్రతి పేజీకి విడివిడి ముద్రల బదులు ఒక అల్లిక తయారుచేస్తోంది: ఈ సైటు ఫలానా సంస్థది, ఈ పేజీ ఆ సైటులోది, ఈ వ్యాసం ఈ పేజీలోది, రాసింది ఈ మనిషి, బొమ్మ ఇది. ఒక్కో అంశానికి ఒక్కో గుర్తు ఇచ్చి ఒకదానికొకటి ముడివేస్తుంది. ర్యాంక్ మ్యాత్ అనే మరో ప్లగిన్‌లో కార్యక్రమం, వంటకం, రెస్టారెంట్, వస్తువు లాంటి రకాలు ఎంచుకుని గడులు నింపుకోవచ్చు. జాతరలు, సభల కోసం ‘ది ఈవెంట్స్ క్యాలెండర్’, అమ్మకాలకు వూకామర్స్, వంటలకు డబ్ల్యూపీ రెసిపీ మేకర్ ఎవరి ముద్ర వాళ్లు వేస్తాయి. వీటిలో చాలావరకు ‘జేసన్-ఎల్‌డీ’ అనే పద్ధతిలో రాస్తాయి. వ్యాసం పాఠాన్ని ముట్టుకోకుండా ఒక మూలన విడిగా ఉండే పద్ధతి అది. 2014లో ప్రమాణంగా స్థిరపడింది. తెలుగు అక్షరాలు అందులో ఇబ్బంది లేకుండా ఇముడుతాయి.

ప్లగిన్ పెట్టుకుంటే పనైపోయిందనుకునే చోటే తెలుగు సైట్లు దెబ్బతింటున్నాయి. ప్లగిన్‌కు తెలిసింది సెట్టింగుల్లో ఉన్నది మాత్రమే. సెట్టింగుల్లో అబద్ధం ఉంటే దాన్ని ఎంతో శ్రద్ధగా, ప్రతి పేజీ మీదా అచ్చేస్తుంది.

మొదటిది భాష. సైటంతా తెలుగు, సెట్టింగుల్లో భాష మాత్రం వర్డ్‌ప్రెస్ పెట్టేటప్పుడున్న అమెరికన్ ఇంగ్లిష్. చాలామందికి డాష్‌బోర్డు ఇంగ్లిష్‌లో ఉంటేనే చేతికి అలవాటు గనక అలాగే వదిలేస్తారు. ఫలితంగా ‘ఈ వ్యాసం భాష ఇంగ్లిష్’ అని థీమ్ ఒక పక్క, ప్లగిన్ ఇంకో పక్క చాటింపు వేస్తుంటాయి. స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతు ఎత్తుకుని తెలుగు అక్షరాల ముందు తడబడుతుంది. దీనికి మందు ఎప్పుడో వచ్చింది. వర్డ్‌ప్రెస్ 4.7 నుంచి, అంటే 2016 డిసెంబరు నుంచి, సైటు భాష తెలుగు పెట్టి, ఎవరి ప్రొఫైల్‌లో వాళ్లు డాష్‌బోర్డు భాష ఇంగ్లిష్ ఉంచుకోవచ్చు.

రెండోది గడియారం. వర్డ్‌ప్రెస్ మొదట్లో ఉండేది యూటీసీ కాలమానంలో. తెల్లవారుజామున నాలుగింటికి లేచి టపా వేస్తే దాని లెక్కలో అది ముందురోజు రాత్రి పదిన్నర. పండుగనాడు పెట్టిన టపా ముందురోజు తేదీతో నిలిచిపోతుంది. కాలమానం కోల్‌కతాకు మారిస్తే చాలు.

మూడోది అన్నిటికన్నా నవ్వు పుట్టించేది. రచయిత పేరు మార్చుకోకపోతే యూజర్‌నేమ్ పేరుగా వెళ్లిపోతుంది. కవితల మీద, కథల మీద, పితృదేవతల స్మరణ మీద ‘రచయిత: అడ్మిన్’. యంత్రం దృష్టిలో తెలుగు సాహిత్యంలో ఇంత విస్తారంగా రాసిన మనిషి అడ్మిన్ గారే కావచ్చు.

ఇంకొకటి, రెండు ప్లగిన్లు ఒకేసారి పెట్టుకోవడం. థీమ్ ఒక ముద్ర, యోస్ట్ ఒకటి, ఎవరో చెబితే పెట్టుకున్న మరో స్కీమా ప్లగిన్ ఇంకొకటి. ఒకే వ్యాసానికి మూడు చోట్ల మూడు తేదీలు, రెండు పేర్లు. గూగుల్ వారి రిచ్ రిజల్ట్స్ టెస్ట్‌లో గానీ, స్కీమా డాట్ ఆర్గ్ వారి వ్యాలిడేటర్‌లో గానీ పేజీ చిరునామా పెట్టి చూస్తే ఈ గుట్టు వెంటనే బయటపడుతుంది.

నాలుగు పేర్ల జాతర

ముద్ర నిజంగా ఎక్కడ అక్కరకొస్తుందో చూడాలంటే సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి దాకా వెళ్లాలి. పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర ఏడాది విడిచి ఏడాది, మాఘమాసంలో, అయిదు రోజులు జరుగుతుంది. రాష్ట్రంలో మేడారం తర్వాత అంత జనం వచ్చేది ఇక్కడికేనని చెబుతారు. పెద్దగట్టు జాతర, గొల్లగట్టు జాతర, దురాజ్‌పల్లి జాతర, లింగమంతుల జాతర – ఎవరు ఏ పేరుతో వెతికినా జాతర ఒకటే. స్కీమాలో అసలు పేరు పక్కనే ‘ఆల్టర్నేట్ నేమ్’ అనే గడి ఉంటుంది. మిగిలిన మూడు పేర్లకు చోటు అదే.

పేరు కన్నా చిక్కు తేదీది. 2023లో జాతర ఫిబ్రవరి 5న మొదలైంది. 2025లో ఫిబ్రవరి 16న. రెండూ ఆదివారాలే. ‘జాతర ఈ ఆదివారం మొదలు’ అని సంవత్సరం లేకుండా రాసిన పేజీ రెండేళ్ల తర్వాత ఎవరి ఫోనులోనో పైకి తేలితే? ‘05–02–2023’ అని రాసినా గ్యారంటీ లేదు. అమెరికా అలవాటులో చదివితే అది మే నెల రెండో తారీకు. అందుకే ఈవెంట్ ముద్రలో తేదీ ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, చివర భారత కాలమానం అయిదున్నర గంటలు అన్న వరుసలోనే ఉంటుంది. మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ వేరువేరు గడులు. ఇలా ముద్రపడిన పేజీ 2023 జాతర గురించి రాసిందే తప్ప వచ్చే ఆదివారం గురించి కాదని యంత్రానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తిథికి మాత్రం గడి లేదు. మాఘమాసం అన్న మాట వర్ణనలో రాసుకోవాల్సిందే.

పెళ్లి పత్రిక మీద తిథి, వారం, నక్షత్రంతో పాటు ఇంగ్లిష్ తేదీ వేయడం మనవాళ్లకు కొత్త కాదు గనక దీన్ని పెద్ద కష్టంగా ఎవరూ తీసుకోరు.

హోటల్లో గదులుండవు

కోదాడ హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి 65 మీద, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న పట్టణం. దారిన పోయేవాళ్లు బండి ఆపి తినే చోట్లు ఎక్కువ. అక్కడ ఒక టిఫిన్ హోటల్ యజమాని సొంత సైటు పెట్టించుకున్నాడనుకుందాం. ప్లగిన్‌లో వ్యాపారం రకం అడుగుతుంది. జాబితాలో ‘హోటల్’ కనిపించగానే నొక్కేస్తాడు. స్కీమా లెక్కలో హోటల్ అంటే బస చేసే చోటు. ఇప్పుడు యంత్రానికి ఇడ్లీ దొరికే చోటు కాస్తా గదులు అద్దెకిచ్చే చోటైపోయింది. ఎంచుకోవాల్సింది ‘రెస్టారెంట్’. రాత్రింబవళ్లు తెరిచే ఉంటే సమయం గడిలో ఉదయం 00:00, రాత్రి 23:59 రాయాలి. గడి ఖాళీగా వదిలేస్తే ఎప్పుడూ తెరిచే ఉందని అర్థం కాదు.

మిర్యాలగూడ మిల్లరుది మరో ఇబ్బంది. స్కీమాలో బేకరీ ఉంది, కసాయి దుకాణం లేకపోయినా కిరాణా ఉంది, సారా కాచే బట్టీకి కూడా పేరుంది. రైస్ మిల్లుకు లేదు. వందకు పైగా మిల్లులున్న పట్టణానికి ఇది చిన్నతనమే! సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాక పెరిగిన వ్యాపారం ఇది, కాలిఫోర్నియాలో కూర్చుని పదాలు పేర్చినవాళ్లకు తట్టలేదు. దారి మాత్రం ఉంది. సాధారణ ‘లోకల్ బిజినెస్’ రకం ఎంచుకుని, ‘అడిషనల్ టైప్’ గడిలో రైస్ మిల్లు అన్న భావనకు వికీడేటాలో ఉన్న లంకె పెడితే సరిపోతుంది.

సరుకు పేజీల దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204ను సాంబ మసూరి అంటారు. రాజేంద్రనగర్‌లో పుట్టిన ఆర్‌ఎన్‌ఆర్ 15048ను తెలంగాణ సోనా అంటారు. కొనేవాడు ఏ పేరుతోనైనా వెతకొచ్చు గనక రెండూ ఉండాలి. బరువు అంకెతో పాటు దాని కొలత కూడా రాయాలి. కిలోకు అంతర్జాతీయ సంకేతం ‘కేజీఎమ్’. 2022 జులైలో పాతిక కిలోల దాకా ముందే ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చాక 26 కిలోల సంచులు బజారులోకి దిగాయి. పేజీలో పాత 25 అలాగే ఉండిపోతే సంచి మీద ఒక బరువు, వెబ్‌లో ఒక బరువు.

కోదాడ ఏ జిల్లా?

2009లో కోదాడ మీద రాసిన టపాలో ‘నల్గొండ జిల్లా, ఆంధ్రప్రదేశ్’ అని ఉంటుంది. రాసిననాడు అది నిజం. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది. 2016 అక్టోబర్ 11న, దసరానాడు, కొత్త జిల్లాలు వచ్చి కోదాడ సూర్యాపేట జిల్లాలోకి వెళ్లింది. మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. పాత టపాలన్నీ తవ్వి దిద్దమనడం అన్యాయం, కొన్నిసార్లు చరిత్రను చెరపడం కూడా. ముద్రలో ప్రచురించిన తేదీ, సవరించిన తేదీ వేరుగా ఉంటాయి గనక 2009 నాటి వాక్యాన్ని 2009 నాటిదిగానే యంత్రం చదువుకోగలదు. ఊరి పేరును వికీడేటా పేజీకి ముడివేస్తే ఇంకా మేలు. ఏ ఊరు ఏ తేదీ దాకా ఏ జిల్లాలో ఉందో అక్కడ తేదీలతో సహా నమోదు చేసే వీలుంది. సూర్యాపేట పట్టణం, సూర్యాపేట మండలం, సూర్యాపేట జిల్లా, సూర్యాపేట శాసనసభ నియోజకవర్గం – పేరు ఒకటే అయినా అక్కడ నాలుగూ నాలుగు అంశాలు. మార్పులు జరిగినప్పుడు గ్రామ వ్యాసాల్లో మండలాలు, జిల్లాలు దిద్దే పని తెలుగు వికీపీడియాలో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు భుజాన వేసుకున్నారు. ఆ పనికి దండలు, శాలువాలు పడవు.

దీనికి విరుద్ధమైన పని కూడా ప్లగిన్లతో జరుగుతోంది. పాత టపాలో అక్షరం మార్చకుండా ‘సవరించిన తేదీ’ని మాత్రం రోజూ ముందుకు జరిపేవి ఉన్నాయి. పాఠకుడికి తాజా సరుకులా కనిపించాలని. సొంత దుకాణానికి సొంతంగా అయిదు నక్షత్రాలు వేసుకునే ముద్రలూ అలాంటివే. వాటి ఆట 2019 సెప్టెంబరులో కట్టింది; వ్యాపారులు తమ సైటులో తమకు తాము వేసుకున్న రేటింగులను ఫలితాల్లో చూపించడం గూగుల్ మానేసింది. పేజీలో లేని విషయాన్ని ముద్రలో రాస్తే గూగుల్ మనిషి చేతనే చర్య తీసుకుంటుంది. ప్రశ్న–జవాబుల ముద్రతో ఫలితాల పేజీలో చోటు ఆక్రమించుకోవడం ఒక వేలంవెర్రిగా సాగింది. 2023 ఆగస్టులో దాన్ని ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేశారు. ‘ఎలా చేయాలి’ రకాన్ని అదే ఏడాది పూర్తిగా ఎత్తేశారు.

అందుకే ‘స్కీమా పెడితే ర్యాంకు పెరుగుతుంది’ అని డబ్బు వసూలు చేసేవాళ్ల మాట నమ్మనక్కర్లేదు. ముద్ర ఉంటే అలంకరించిన ఫలితంగా కనిపించే అర్హత వస్తుందని, కనిపించి తీరుతుందన్న హామీ లేదని గూగుల్ స్వయంగా చెబుతోంది.

మరైతే ఎందుకు పెట్టాలి? హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ ఉదాహరణ దీనికి జవాబు. రాకేశ్ దుబ్బుడు స్థాపించిన ఈ సంస్థ వాట్సాప్ పుకార్లను తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పరిశీలించి రాస్తుంది. అలాంటి కథనాల కోసం స్కీమాలో ‘క్లెయిమ్ రివ్యూ’ అనే రకం ఉంది: ప్రచారమైన మాట ఏమిటి, ఎవరన్నారు, నిజమా అబద్ధమా అన్నవి వేరువేరు గడులు. 2015లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, గూగుల్, స్కీమా బృందం కలిసి రూపొందించారు. 2025 జూన్‌లో గూగుల్ తన సెర్చ్ ఫలితాల్లో ఈ తరహా ప్రత్యేక ప్రదర్శనను విరమించుకుంటున్నట్టు ప్రకటించింది. అయినా గూగులే నడిపే ఫ్యాక్ట్ చెక్ ఎక్స్‌ప్లోరర్‌లో తెలుగు పరిశీలనలు వెతికితే దొరుకుతున్నాయి. ఒక వేదిక కిటికీ మూసినా పేజీలో వేసిన ముద్ర పోలేదు. ఇంకొకరు వచ్చి చదువుకోవచ్చు. ఆ ఇంకొకరు కూడా బయల్దేరారు. గుహ గూగుల్ వదిలి మైక్రోసాఫ్ట్‌లో చేరి, 2025 మేలో ‘ఎన్ఎల్‌వెబ్’ అనేదాన్ని బయటపెట్టాడు. మామూలు సైటును ప్రశ్నలడిగి జవాబులు రాబట్టుకునేలా మార్చే ఏర్పాటు అది. దానికి మేత స్కీమా ముద్రలు, ఆర్‌ఎస్‌ఎస్ ఫీడులే.

ఇన్ని చెప్పాక చిరునామా సంగతి మిగిలింది. స్కీమా చిరునామాలో వీధి, ఊరు, రాష్ట్రం, పిన్‌కోడ్, దేశం గడులున్నాయి. కోదాడకు 508206, మిర్యాలగూడకు 508207, సూర్యాపేటకు 508213 – ఇంతవరకు ఇబ్బంది లేదు. మండలానికి గడి లేదు, జిల్లాకూ లేదు. ఒకే పేరున్న ఊళ్లు పక్కపక్క మండలాల్లోనే ఉండే చోట ఈ లోటు చిన్నది కాదు. ప్రస్తుతానికి చేయగలిగింది, ఊరు ఫలానా మండలంలో ‘ఉంది’, మండలం ఫలానా జిల్లాలో ‘ఉంది’ అని ‘కంటెయిన్డ్ ఇన్ ప్లేస్’ అనే సంబంధంతో గొలుసు కట్టడం. ప్లగిన్లలో దీనికి సిద్ధంగా గడి కనిపించదు. కోడ్ తెలిసినవాళ్లు రెండు వరుసలు చేర్చాల్సి ఉంటుంది. స్కీమాలో కొత్త పదాల మీద చర్చ గిట్‌హబ్‌లో అందరి ఎదుటే సాగుతుంది, ఎవరైనా వెళ్లి అడగొచ్చు. ఉదాహరణ చూపించమంటారు. కోదాడ మండలంలో ఏ పల్లె చిరునామా రాసి చూపించినా సరిపోతుంది.